సుబ్బి మాటలాడదు: కన్యాశుల్కముపై వ్యాసము వ్రాయబోవువారికి

గజపతినగరములో మేమెఱిగిన ఒక యింట పరీక్షలకు చదువుకొనుచున్న అమ్మాయి ఒకతె ఉన్నది. ఒక సాయంకాలము ఆమె నాలుగు కాగితములు చేతబట్టుకొని మా కడకు వచ్చినది. కన్యాశుల్కము నాటకములోని పాత్రలను, వస్తువును గూర్చి వ్యాసము వ్రాయవలసి యున్నదట. కాగితములపై వరుసగా పేర్లు: గిరీశము, మధురవాణి, రామప్పంతులు, లుబ్ధావధానులు, అగ్నిహోత్రావధానులు. ఒక్కొక్క పేరు క్రింద నాలుగేసి వాక్యములు. గిరీశము మోసగాడు, లుబ్ధావధానులు లోభి, మధురవాణి గుణవతి. చివర ఒక చిన్న పేరా: ఈ నాటకము సాంఘిక దురాచారములను ఖండించుచున్నది. అంతటితో వ్యాసము సమాప్తము.

కాగితములు చదివి మేము ఏమియు అనకమునుపే ఆమెయే అడిగినది: "సుబ్బి గురించి రాయడానికి ఏమీ లేదు కదా మాస్టారూ? తను అసలు మాటాడదు. వదిలేస్తే మార్కులు పోతాయా?"

మార్కుల సంగతి పరీక్షకుల కెఱుక. గాని ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. ఏ పిల్ల కొఱకు నాటకమంతయు నడచుచున్నదో ఆ పిల్లను గూర్చి వ్రాయుటకు ఏమియు లేదనిపించుట ఎట్లు సంభవించినది? ఆ అమ్మాయికి మేము చెప్పిన సమాధానమునే కొంత చరిత్ర చేర్చి ఈ ప్రసంగముగా శ్రోతల ముందుంచుచున్నాము. మీ యింట కూడ ఇట్టి కాగితములతో కుస్తీ పట్టుచున్న పిల్లలు ఉండవచ్చును. పరీక్షలు దాటిపోయిన పెద్దలకు సయితము ఈ నాటకము మఱియొక మాఱు వినదగినదే.

మొదట మాటలను సరిచూచుకొందము. కథ వేరు, వస్తువు వేరు. అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని ముదుసలి లుబ్ధావధానులకు పదునెనిమిది వందల రూపాయలకు ఇచ్చుటకు నిశ్చయించుట, మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడైన మహేశమునకు ఆడువేషము వేసి ఆ సంబంధమును తప్పించుట, దాని వలన పుట్టిన చిక్కులు కోర్టు వఱకు ప్రాకుట, ఇదియంతయు కథ. ఈ కథ చేత మనలో పుట్టు ఆలోచన వస్తువు. దశరూపకము వ్రాసిన ధనంజయుడు రూపకమును వస్తువు, నేత, రసము అను మూడింటిచే వింగడించినాడు. ఆయన వస్తువు అన్నది కథనే. నేడు మనము ఆ మాటను కథ వెనుకనున్న భావమునకు కూడ వాడుచున్నాము. ఈ రెండర్థములు కలిసిపోయిన చోటనే విద్యార్థి వ్యాసము తడబడును. కథను చెప్పి వస్తువును చెప్పితిననుకొనును. గుణములు లెక్కించి పాత్రను చెప్పితిననుకొనును.

ఇక చరిత్రకు వత్తము. గురజాడ వేంకట అప్పారావుగారి జీవితమంతయు దాదాపుగా విజయనగరముతో ముడివడినది. మహారాజావారి కళాశాలలో చదివి, అక్కడనే ఉపాధ్యాయులై, ఆనందగజపతి మహారాజుగారి ఆదరణకు పాత్రులైనారు. గజపతినగరమునుండి విజయనగరమునకు బస్సులో గంటసేపటి ప్రయాణము. నాటకము తెఱ యెత్తగానే గిరీశము కనిపించు బొంకులదిబ్బ ఆ పట్టణములోనిదే. గురజాడవారు నివసించిన యిల్లు ఆయన స్మారకముగా అక్కడ నిలిచియున్నది. అనగా ఈ ప్రాంతపు పిల్లలకు కన్యాశుల్కము దూరదేశపు కథ కాదు. ప్రక్క ఊరి కథ.

ఎంత ప్రక్క ఊరి కథయో తెలియవలెనన్న 1897 నాటి మొదటి ముద్రణకు గురజాడవారు ఆంగ్లములో వ్రాసిన పీఠికను చూడవలెను. అంతకు సుమారు పదేండ్ల క్రిందట ఆనందగజపతిగారు ఒక పట్టిక తయారు చేయించినారు. విశాఖపట్టణము జిల్లాలో సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున కన్యాశుల్కము పుచ్చుకొని జరిపిన వివాహముల పట్టిక అది. నాటి విశాఖపట్టణము జిల్లా చాల పెద్దది. నేటి విజయనగరము జిల్లా 1979లో గాని ఏర్పడలేదు. గజపతినగరము ఆనాడు ఆ పెద్ద జిల్లాలోనిదే. పట్టికకెక్కిన వివాహములు 1034. పిల్లకు వెల పుచ్చుకొంటిమని ఒప్పుకొనుటకు చాలమంది ఇష్టపడలేదు గనుక ఆ పట్టిక సంపూర్ణము కాదని గురజాడవారే చెప్పినారు.

ఆ 1034 లో అయిదేండ్ల పిల్లలు 99 మంది. నాలుగేండ్లవారు 44. మూడేండ్లవారు 36. రెండేండ్లవారు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల తలకు 350 నుండి 400 రూపాయల వఱకు పలికినదట. తల్లి గర్భములో నున్న శిశువునకు సయితము ఒక్కొక్కప్పుడు బేరము కుదురుచుండెడిదని కూడ పీఠికలో ఉన్నది. మేము కూడి చూచితిమి. అయిదేండ్లు, అంతకు లోపు వయసు గల పిల్లలే 188 మంది. నూటికి పదునెనిమిది మంది. శ్రోతలు తమ యింట అయిదేండ్ల పిల్ల ఉన్నచో ఒకసారి ఆమె వంక చూచి తరువాత ముందుకు పోవుదురు గాక.

ఆ పిల్లలలో ఒక్కతె పేరు కూడ ఆ పీఠిక ద్వారా మనకు తెలియదు. మనకు దక్కినవి వయసులు, వెలలు. సుబ్బి విషయమును ఇప్పుడు మఱల తలచుకొందము. నాటకములో ఆమెకు వయసున్నది, వెల యున్నది, మాట మాత్రము దాదాపు లేదు. పట్టికలోని పిల్ల ఎట్లున్నదో రంగస్థలముపై సుబ్బి అట్లే యున్నది. ఒక్క భేదము: గురజాడవారు ఆమెకు పేరు పెట్టినారు. సుబ్బి మౌనమును నాటకకర్త లోపముగా ఎంచరాదు. తనను గూర్చి బేరము జరుగుచుండగా పిల్ల ఏమనుకొనుచున్నదని అడుగువాడు ఆ యింట లేడు. అందుచేత ఆమెకు మాటలు లేవు. మాటలు లేకపోవుటయే అక్కడ పాత్రచిత్రణము.

ఈ సంగతి చెప్పగా ఆ అమ్మాయి కొంతసేపు ఊరకున్నది. పిమ్మట కాగితముపై సుబ్బి పేరును అన్నింటికంటె పైన వ్రాసికొన్నది. వ్యాసము మొదలైనది.

పాత్రలను పేర్ల పట్టికగా కాక ఒక క్రమముగా చూచినచో వస్తువు తానై బయటపడును. ఈ నాటకములోని స్త్రీలను వయసు చొప్పున నిలబెట్టి చూడుడు. సుబ్బి చిన్నపిల్ల, అమ్మకమునకు సిద్ధముగా నున్నది. ఆమె అక్క బుచ్చమ్మ చిన్నతనముననే పెండ్లి జరిగి, భర్తను పోగొట్టుకొని, పుట్టింట పడియున్నది. లుబ్ధావధానుల కూతురు మీనాక్షి ఇంకను పెద్దది. ఆమెయు విధవయే, రామప్పంతులు వంటివాని మాటలకు లోనై నలుగురిలో చులకనైనది. పూటకూళ్ళమ్మ అంతకంటె పెద్దది. విధవయై, అన్నమమ్ముకొని, గిరీశము వంటివానిని కూడ పోషించి మోసపోయినది. నలుగురు వేఱువేఱు స్త్రీలుగా మనకు కనిపింతురు. కొంచెము దూరముగా నిలిచి చూచినచో వీరు ఒక్క పిల్ల యొక్క నాలుగు వయసులు. లుబ్ధావధానులతో సుబ్బి పెండ్లి జరిగియున్నచో కొన్ని యేండ్లకు ఆమె బుచ్చమ్మ యగును. ఇంకొన్ని యేండ్లకు మీనాక్షి యగును. అదృష్టమున్నచో పూటకూళ్ళమ్మ యగును.

కన్యాశుల్కమునకు, వితంతు సమస్యకు నడుమ నున్న లంకె ఇదియే. డబ్బున్న ముసలివాడు పసిపిల్లను కొనును. ముసలివాడు ముందుగా పోవును. పిల్లకు పునర్వివాహము లేదు. వితంతు వివాహమును చట్టసమ్మతము చేయు శాసనము 1856 లోనే వచ్చినది. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినారు. అయినను అగ్రహారపు వీథులలో అది వినికిడి మాత్రమే. ఈ లంకెను గురజాడవారు ఉపన్యాసముగా ఎక్కడను చెప్పలేదు. నలుగురు స్త్రీలను నాలుగు చోటుల నిలిపి ఊరకున్నారు. వ్యాసము వ్రాయువాడు చేయవలసిన పని ఆ నలుగురిని కలుపు గీత గీయుటయే.

మధురవాణి ఈ వరుసలో లేదు. ఆమె వేశ్య. ఆమెకును వెల యున్నది. గాని ఒక తేడా గమనింపదగినది. సుబ్బి వెలను తండ్రి నిర్ణయించును. మధురవాణి తన వెలను తాను నిర్ణయించుకొనును, వద్దనదలచినప్పుడు వద్దనగలదు. తండ్రి చేయు బేరము పెండ్లి యనిపించుకొని గౌరవము పొందును. మధురవాణి బేరము నింద పొందును. ఈ రెండు బేరములను ప్రక్కప్రక్కన పెట్టి ఏది ఎక్కువ నీచమో మీరే చెప్పుడని నాటకము మనలను అడుగుచున్నది. ఇంత కటువైన ప్రశ్నను నవ్వించుచు అడుగుట గురజాడవారి ప్రజ్ఞ.

ఇక గిరీశము. విద్యార్థులలో చాలమంది ఇచ్చటనే జారుదురు. గిరీశము వితంతు వివాహమును సమర్థించును. బాల్యవివాహములను నిందించును. ఇంగ్లీషు ముక్కలు చల్లి ఉపన్యాసములు దంచును. సంస్కర్తలు చెప్పు మాటలలో చాల భాగము అతని నోట వినవచ్చును. అట్లని అతనిని నాటకకర్త ప్రతినిధి యనుకొన్నచో వ్యాసము చెడినదే. గిరీశము పలుకునది నిజమే. పలుకుటలో అతని ఉద్దేశము మాత్రము బుచ్చమ్మను, ఆమె వెనుక ఆస్తిని సంపాదించుకొనుట. సత్యమైన మాట అసత్యమైన నోటినుండి వచ్చినప్పుడు మనమేమి చేయవలెను? మాటను తోసివేయుదుమా? నోటిని క్షమింతుమా? కన్యాశుల్కములోని కష్టమైన ప్రశ్నలలో ఇది మొదటిది.

అందుచేత వ్యాసకర్తకు మేము చెప్పు సూత్రమిది: పాత్ర పలికిన మాటను నాటకపు మాటగా ఎన్నడును తీసికొనరాదు. ఎవడు పలికినాడు, ఎవరితో పలికినాడు, పలికి ఏమి సంపాదింపదలచినాడు, పలికిన పిమ్మట ఏమి చేసినాడు అని నాలుగు ప్రశ్నలు వేసి చూడవలెను. వెంకటేశము ముందు గిరీశము చెప్పు పాఠములకు, బుచ్చమ్మ ముందు చెప్పు కబుర్లకు, చివర సౌజన్యారావు పంతులు ముందు అతడు నిలబడిన తీరునకు ఈ నాలుగు ప్రశ్నలను వర్తింపజేసిన చాలును. పాత్ర తానుగా విప్పుకొనును.

అగ్నిహోత్రావధానులకు కూడ ఇదే న్యాయము. అతడు తాను దుర్మార్గుడననుకొనడు. కోపిష్ఠి, వ్యాజ్యముల పిచ్చివాడు, తన యిష్టమే శాస్త్రమని నమ్మినవాడు. తల్లి వెంకమ్మ ఈ సంబంధము చూచి ప్రాణము తీసికొనుటకైనను సిద్ధపడినను అతనికి పట్టదు. పిల్లను అమ్ముచున్నానను మాట అతని మనస్సులో ఎన్నడును పుట్టదు. వేదము చదివిన యింట, ఆచారము పేర, అందఱి కండ్ల యెదుట ఇది జరుగుచున్నది. శుల్కము పుచ్చుకొని పిల్లనిచ్చుట ఆసుర వివాహమని స్మృతులే చెప్పినను, కాసుల ముందు స్మృతులు నిలువలేదు. దుర్మార్గుడు ఒక్కడుండి చేసిన పాపమైనచో వానిని శిక్షించిన తీరును. మంచివారమనుకొన్నవారందఱు కలిసి చేయు పాపమును ఏ కోర్టు తీర్చగలదు? మహారాజుగారు మద్రాసు శాసనసభ ద్వారా ఈ ఆచారమును అరికట్టుటకు చేసిన ప్రయత్నము ఫలింపలేదు. చట్టము ఆగిన చోట నాటకము బయలుదేరినది. ప్రజలలో చదువు అలవాటు వ్యాపించు వఱకు రంగస్థలమే వారికి దిక్కని గురజాడవారి అభిప్రాయము.

నాటకమును 1892 ఆగస్టు మాసములో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభ వారు మొదట ప్రదర్శించినారు. ముందటి సంవత్సరమే, 1891లో, సమ్మతి వయఃపరిమితి శాసనము వచ్చి దేశమంతయు వాదోపవాదములతో అట్టుడికియున్నది. 1897లో నాటకము అచ్చైనది, ఆనందగజపతిగారికి అంకితమైనది. ఆ సంవత్సరమే మహారాజుగారు స్వర్గస్థులైనారు. 1909లో రెండవ కూర్పు వచ్చినది. అయిదంకముల నాటకము ఏడంకములైనది. నేడు మనము చదువునది, చూచునది, వినునది ఈ రెండవ కూర్పు. మొదటి కూర్పు చాలకాలము దొరకక, 1969లో బంగోరె కృషి వలన తిరిగి వెలుగు చూచినది.

రెండు కూర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట వ్యాసకర్తకు గొప్ప పాఠము. మొదటి కూర్పులో మధురవాణి పాత్ర చిన్నది. రెండవ కూర్పులో ఆమె పెరిగి పెరిగి కథను నడపు శక్తి యైనది. ప్రదర్శనకును రెండవ కూర్పునకును నడుమ పదునేడేండ్లు గడచినవి. ఆచారమును ఖండించుటయే పని యైనచో మొదటి కూర్పు చాలియుండెను. మధురవాణి పెరుగుటతో ఆచారపు ఖండన దాటి నాటకము ఇంకొక ప్రశ్న వైపు సాగినది: మనుష్యుని విలువను నిర్ణయించువారెవరు? వస్తువు కొఱకు పాత్రలను సృష్టించిన రచయిత, పాత్రలు ఎదిగిన పిమ్మట వస్తువే ఎదుగుట చూచినాడని మేము భావించుచున్నాము. తాను రచించిన నాటకమును తానే తిరిగి ఆలోచించి, తిరిగి కట్టినవాడు గురజాడ. ఒక్క రాత్రిలో వ్యాసము ముగింపవలెనని తొందరపడు పిల్లలకు ఈ పదునేడేండ్లు గుర్తు చేయుట మంచిది.

ఆ ప్రశ్నకు నాటకము చివరి అంకములో పరీక్ష జరుగును. సౌజన్యారావు పంతులు వకీలు, సజ్జనుడు, సంస్కర్త. వేశ్యల ముఖము చూడరాదని నియమము గలవాడు. 1890 ప్రాంతముల దక్షిణదేశములో భోగముమేళములను మానవలెనని జరిగిన ఉద్యమపు నీడ ఆ నియమములో ఉన్నది. లుబ్ధావధానులు హత్యానేరమున చిక్కుకొనగా, చంపబడినదనుకొన్న పెండ్లికూతురు అసలు పిల్లయే కాదని తెలిసినది మధురవాణికి. ఆమె పురుషవేషమున వచ్చి ఆయనతో మాటలాడును. వేషము తొలగిన పిమ్మట ఆ సంస్కర్త యెదుట నిలిచినది ఆయన నిషేధించిన స్త్రీ. ఆయనను ఓడించు అవకాశము ఆమె చేతిలోనున్నది. ఆమె ఓడింపదు. చెడనివారిని చెడగొట్టరాదను తన తల్లి మాటను నిలుపుకొనును. ఆయన చేతినుండి భగవద్గీత పుస్తకమును అందుకొనును. నియమము గొప్పదా, మనిషి గొప్పదా? సౌజన్యారావును మనము తక్కువ చేయనక్కరలేదు. ఆయన మంచివాడే. మంచివాని సిద్ధాంతము కూడ ఒక మనిషిని ఎదుట చూచినప్పుడు చాలకపోవచ్చునని నాటకము చెప్పుచున్నది.

ఐరోపాలో కూడ ఆ దశాబ్దములలోనే నాటకము ఇట్టి ప్రశ్నలు వేసినది. ఇబ్సెను వ్రాసిన బొమ్మరిల్లు నాటకము 1879లో వెలువడి, ఇల్లు విడిచిపోవు స్త్రీని రంగమెక్కించి దుమారము లేపినది. పోలిక ఇంతవఱకే. అక్కడి స్త్రీ తలుపు తీసికొని వెడలిపోగలిగినది. సుబ్బికి తలుపు గడియ అందదు. బుచ్చమ్మను నాటకము చివర పూనాలోని వితంతు శరణాలయమునకు పంపుదురు. మన నాటకములో విముక్తి కూడ ఇతరులు చేసిన ఏర్పాటే. ఈ తేడా వ్యాసములో వ్రాయదగినది.

రేడియో శ్రోతలకు ఇచ్చట మఱియొక సంగతి చెప్పవలెను. ఈ నాటకమును కన్నుతో చూచినవారున్నారు. 1955లో పుల్లయ్యగారి దర్శకత్వమున చలనచిత్రముగా వచ్చినది, అందులో రామారావుగారు గిరీశము, సావిత్రిగారు మధురవాణి. అయినను ఆకాశవాణి ద్వారా చెవితో విన్నవారికి ఒక అదనపు లాభమున్నది. గడ్డములు, పంచెకట్లు, తలపాగాలు లేకపోయినను, నాలుగు మాటలు వినగానే ఎవరు మాటలాడుచున్నారో తెలియును. అగ్నిహోత్రావధానుల మాట వేఱు, అసిరిగాని మాట వేఱు, హెడ్డు కనిస్టీబు మాట వేఱు. మధురవాణి ఎదుటివానిని బట్టి మాట మార్చును. గిరీశము మాటలో ఇంగ్లీషు ఎక్కువైన కొలది అబద్ధము ఎక్కువగుచుండును. తెలుగు నాటకరంగమునకు పనికిరాదను అపోహను తొలగించుట కూడ తన ఉద్దేశమని 1909 నాటి పీఠికలో గురజాడవారు చెప్పినారు. పాత్రను గూర్చి వ్రాయదలచినవారు ఒకసారి పుస్తకము మూసి, ఎవరిచేతనైనను పైకి చదివించుకొని వినవలెను. మనస్సు గమనింపని దానిని చెవి పట్టుకొనును.

మేము ఇన్ని మాటలు గ్రాంథికపు టెక్కుతో చెప్పుచుండుట చూచి శ్రోతలు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. విద్యార్థులు వ్యాసములను వాడుకభాషలో వ్రాయవచ్చునా యను వివాదములో, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు అసమ్మతి పత్రము సమర్పించినవారు గురజాడవారే. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తిగారు ఆ పోరును తుదివఱకు నడిపినారు. నేడు మన పిల్లలు తమ మాటలో తాము వ్యాసము వ్రాయగలుగుట వారు పెట్టిన భిక్ష. పెద్దవారి పాత అలవాటును పిల్లలు అనుకరింపనక్కరలేదు.

ఇక వ్యాసపు కట్టుబడి. ఆ అమ్మాయితో కూర్చుండి మేము వేసికొన్న ప్రణాళిక ఆరు పేరాలది. మొదటి పేరాలో ఒకే ఒక ప్రతిపాదన: కన్యాశుల్కములో వస్తువును మాటలు చెప్పవు, పాత్రల అమరిక చెప్పును. సాంఘిక దురాచారములు అను పెద్దమాటతో ప్రారంభింపరాదు. అది ఏ నాటకమునకైనను అతుకును గనుక దేనికిని చెందదు. రెండవ పేరాలో చరిత్ర: మహారాజావారి పట్టిక, 1892, 1897, 1909. సంవత్సరములు అలంకారము కొఱకు కాదు, వాదమునకు పనికివచ్చినంత మేరకే. మూడవ పేరాలో సుబ్బి మొదలు పూటకూళ్ళమ్మ వఱకు నలుగురు స్త్రీల వరుస. నాలుగవ పేరాలో గిరీశము: సత్యమైన మాట, అసత్యమైన నోరు. అయిదవ పేరాలో మధురవాణి, సౌజన్యారావుల సమావేశము.

ఆఱవ పేరా ముగింపు. ముగింపునకు ముందు ఒక ఆక్షేపణను తానుగా తెచ్చుకొని జవాబు చెప్పవలెను. ఎదురు వాదము లేని వ్యాసము ఒంటిచేతి చప్పట వంటిది. ఆక్షేపణ సులభముగా దొరకును: కన్యాశుల్కమను ఆచారము పోయినది, ఇక నాటకముతో మనకేమి పని?

నిజమే, ఆ ఆచారము ఆ రూపములో పోయినది. 1929 నాటి శారదా చట్టము ఆడపిల్ల వివాహమునకు పదునాలుగేండ్ల కనిష్ఠ వయస్సు విధించినది. 1978లో అది పదునెనిమిది యైనది. 2006లో బాల్యవివాహ నిషేధ చట్టము వచ్చినది. గాని పిల్లకు వెల కట్టుట ఆగినదా? తండ్రి పుచ్చుకొను శుల్కము పోయి, తండ్రి చెల్లించు కట్నము వచ్చినది. దానిని నిషేధించుచు 1961లో మఱియొక చట్టము చేయవలసివచ్చినది. త్రాసులో తట్టలు తారుమారైనవి, త్రాసు మాత్రము ఆ యింటి నడుమనే వ్రేలాడుచున్నది. రంగముపై ప్రతి పాత్రకు ఎవరో ఒకరు వెల కట్టుచుండగా చూచిన మనకు, ఆచారము మారినను నాటకము ఎందుకు బ్రతికియున్నదో వేఱుగా చెప్పనక్కరలేదు.

హెచ్చరిక యొకటి. నేటి చట్టమును చేతబట్టుకొని అగ్నిహోత్రావధానులను తిట్టుట వ్యాసము కాదు, తేలికైన పుణ్యము. ఆనాటి మనుష్యులు ఎట్లు ఆలోచించిరో మొదట అర్థము చేసికొని, పిమ్మట తీర్పు చెప్పవలెను. అర్థము చేసికొనుట క్షమించుట కాదు. పట్టికలోని ఆ ముగ్గురు ఏడాది పిల్లల తండ్రులు కూడ తమ బిడ్డలను ఎత్తుకొని ముద్దాడియే యుందురు. ముద్దాడిన చేతులే వెల పుచ్చుకొన్నవి. ఆ రెండు సంగతులను ఒక్క వాక్యములో పట్టుకొనగలిగిననాడు పాత్రచిత్రణమును గూర్చి వ్రాయుట వచ్చినట్లే.

వారము దాటిన పిమ్మట ఆ అమ్మాయి తిరిగి వచ్చినది. కాగితములు ఆఱు. భాష ఆమెదే, ఇంటిలో మాటలాడు తెలుగే. తప్పులు రెండు మూడు ఉన్నవి, దిద్దుకొనగలిగినవే. మొదటి వాక్యము మాత్రము మేము చెప్పినది కాదు. ఈ నాటకంలో అందరూ మాట్లాడేది సుబ్బి గురించే, సుబ్బిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు, అని మొదలుపెట్టినది.

మేము ఆ వాక్యము క్రింద ఏమియు దిద్దలేదు.